పరుగయ్యాక అరగంట

పరిగెత్తడం అయిపోయాక మళ్ళీ అరగంట ఎందుకు పరిగెత్తాలో నాకు రెండేళ్ళపాటు బోధపడలేదు. ఇప్పటికీ మొత్తం బోధపడిందని చెప్పను. బోధపడకపోవడం వల్ల నా చేతులతో నేనే ఏం పాడుచేశానో మాత్రం తెలుసు. నాకు సంతకం పెట్టేంత చదువే ఉంది కాబట్టి నేను చెబుతుంటే మా పక్కింటి కోడలు రాస్తోంది.

మాది నౌపడకి నాలుగు మైళ్ళ అవతల ఊరు. ఎండలు ముదిరిన నెలల్లో ఉప్పు మడుల్లో పని, వానలు పడితే నాట్లు, ఆ తర్వాత కోతలు. ఉన్నది ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. అది హర్డిల్స్ పరిగెత్తుతుంది. నూరు మీటర్ల మేర పది అడ్డకర్రలు వరసగా నిలబెడతారు. ఒక్కొక్కటీ నా నడుముకి కాస్త కిందకి ఉంటుంది. వాటి మీదుగా పరుగు ఆపకుండా పోవాలి. నేను ‘దూకడం’ అంటే దానికి కోపం. దూకడం కాదట, దాటడమట.

ఎనిమిదో తరగతిలో ఉండగా బడిలో పీఈటీ మాస్టారు దీన్ని పట్టుకున్నారు. "అమ్మా, ఈ గుంటకి కాళ్ళు పొడుగు, బయం నేదు. వదిలీకండి" అన్నారు. స్పోర్ట్స్ హాస్టల్ అని ఒకటి ఉంటుందట. అందులో సీటు వస్తే చదువు, తిండి, పరుగు మూడూ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే ఇంటర్ అవగానే నా పక్కనే ఉప్పు మడిలో పార పట్టుకుంటుంది. ఉప్పు నీళ్ళలో ఇరవై ఏళ్ళు నిలబడిన కాలు ఎలా ఉంటుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మడమ పగిలి, ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగి, చలికాలంలో కూడా మండుతుంది. దాని కాళ్ళు అలా కాకూడదు. నాకు ఉన్న ఆశ అదొక్కటే.

అందుకే రోజూ నాలుగింటికి దాని వెంట గ్రౌండుకి వెళ్ళేదాన్ని. అయిదున్నర దాకా పరుగులు. మా ఊరి వైపు ఆఖరి బస్సు ఆరింటికి. పరుగులు అయ్యాక నేను సంచీ సర్దుకుని లేచేసరికి మాస్టారు ఈల వేసి "కూల్ డౌన్!" అని అరిచేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

"అయిపోనాది కదే, రావే, బస్సొచ్చేస్తాది!"

"అవనేదమ్మా. కూల్ డౌన్ ఉన్నాది."

"సల్లబడ్డానికి కూడా ఒక పద్దతేటే? నీడలో కూకుంటే సల్లబడవా?"

అది విననట్టే వెళ్ళిపోయేది. ముందు గ్రౌండు చుట్టూ మెల్లగా, పెళ్ళిలో వడ్డనకి తిరిగే మనిషిలాగా, పది నిమిషాలు పరుగు. ఆ తర్వాత ఊపిరి నెమ్మదించేదాకా నడక. ఆ తర్వాత కింద కూర్చుని ఒక్కో కండనీ సాగదీసి పట్టుకోవడం. పిక్క, తొడ ముందు, తొడ వెనక, గజ్జ, పిరుదు. ఒక్కోదానికి ముప్పై లెక్కపెట్టాలి. ఊపకూడదు, కుదపకూడదు, ఊరికే పట్టుకుని ఉండాలి. రెండు కాళ్ళకీ విడివిడిగా. అడ్డకర్ర దాటేటప్పుడు వెనక కాలు పక్కకి తెరుచుకుని వస్తుంది కాబట్టి హర్డిల్స్ వాళ్ళకి తుంటి దగ్గర ఇంకా రెండు ఎక్కువ. అన్నీ అయ్యాక గోడకి కాళ్ళు ఆనించి వెల్లకిలా పడుకోవడం. నేను గేటు దగ్గర నిలబడి బస్సు హారన్ కోసం చెవులు రిక్కించుకుని ఉంటే ఇక్కడ ఇది గోడకి కాళ్ళు పెట్టి ఆకాశం చూస్తూ ఉండేది. పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఒకసారి మాస్టారినే అడిగాను. ఆయన ఓపికగానే చెప్పారు.

"పరుగులో ఉన్న గుండెని టక్కున ఆపకూడదమ్మా. రగతం కాళ్ళలోనే ఉండిపోతాది, కళ్ళు తిరుగుతాయి. మెల్లగా దింపాలి. కండ కూడా అంతే. బిగుసుకున్నదాన్ని అలాగే వదిలేస్తే మర్నాడు లెగదు."

"ఉప్పు బస్తాలు మోసినోళ్ళు ఇలాగ గోడకి కాళ్ళెడతన్నారా బాబూ? మర్నాడు లెగిసి మళ్ళీ మోస్తన్నారు కదా."

"ఆల్లు ఎలాగ లెగుస్తన్నారో మీకే తెలుసు కదమ్మా" అన్నారు. తెలుసు కాబట్టే నాకు ఇంకా కోపం వచ్చింది.

బస్సు ఒక గొడవ. గ్రౌండు గోడ ఇంకో గొడవ. గోడ నడుము ఎత్తే ఉంటుంది, దాని అవతల టీ బడ్డీ. ఆడపిల్ల నేల మీద పడుకుని, కాలికి తువ్వాలు వేసి పైకి లాగుతూ ఉంటే టీ తాగేవాళ్ళు ఊరుకుంటారా?

"ఓలమ్మ, ఆ గుంటేటి, అలాగ పడిపోనాది? అంబులెన్సుకి ఫోను సెయ్యండ్రా!"

"పడిపోనేదు మావా. ఆకాశంలో సుక్కలు లెక్కెడతన్నాది."

"పగలు సుక్కలేట్రా?"

"దానికి కనిపిస్తన్నాయేమో, అంత పరుగెట్టినాది కదా!"

నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సంచీలో పాత చీర ఒకటి పెట్టుకెళ్ళాను. అది పడుకోగానే గోడ వైపు చీర విప్పి రెండు చేతులతో తెరలాగా పట్టుకుని నిలబడ్డాను. గాలికి చీర ఎగిరి నా మొహానికి చుట్టుకుంటోంది. చేతులు లాగేస్తున్నాయి. బడ్డీ దగ్గర ఇద్దరున్న చోట పది మంది పోగయ్యారు.

"అమ్మా, తియ్యే! నువ్వు అడ్డం ఎట్టడం వల్లే అందరూ సూస్తన్నారు" అంది కింద నుంచి, ఏడుపు గొంతుతో.

"అయితే లెగు. ఇంటి కాడ సేద్దువుగాని."

లేచింది. అది మొదలు, చీర తీసుకెళ్ళడం మానేశాను గానీ, కింద పడుకుని చేసేవన్నీ ఇంటి దగ్గరే అని గట్టిగా చెప్పేశాను. ఇల్లు ఒక్క గది. నేను పొయ్యి వెలిగించేసరికి అది పుస్తకం ముందు కూర్చుని కునికిపాట్లు పడేది. అన్నం తిని తొంగునేది. ఇంటి దగ్గర చేస్తానన్నది ఏనాడూ చెయ్యలేదు, నేను ఏనాడూ అడగలేదు. బస్సు అందుతోంది కదా, నాకదే చాలు అనుకున్నాను.

అసలు భయం వేరే ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నా పెనిమిటి ఉప్పు బస్తాలు లారీకెత్తే పని చేసేవాడు. పిల్ల నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు మూడు లారీలు ఎత్తాడు. ఒళ్ళంతా చెమట. చొక్కా విప్పి గట్టు మీద సముద్రపు గాలికి వెల్లకిలా పడుకున్నాడు. లేచేసరికి గుండెల్లో నొప్పి అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండెపోటు అన్నాడు డాక్టరు. కావచ్చు. మా వాడలో ఆడవాళ్ళు మాత్రం ఒక్కటే మాట అన్నారు, చెమట మీద గాలి తగిలింది, పట్టేసింది అని. నేనూ అదే నమ్మాను. మా దగ్గర చెమట పట్టిన మనిషిని ఎవరూ గాలిలో ఉంచరు. దుప్పటి కప్పి, కదలకుండా కూర్చోబెట్టి, నువ్వుల నూనె వెచ్చజేసి ఒళ్ళు గట్టిగా రుద్దుతారు. బాలింతకైనా, బస్తాలు మోసినవాడికైనా అదే. ఆ రోజు నేను పక్కన ఉండి ఆయనకి దుప్పటి కప్పి ఉంటే బతికేవాడని ఎన్ని ఏళ్ళు అనుకున్నానో నాకే తెలుసు.

ఇక జిల్లా పోటీల రోజు. శ్రీకాకుళంలో పెద్ద గ్రౌండు. తుఫాను ముసురు పట్టి, వాన లేదు గానీ గాలి ఈడ్చి కొడుతోంది. ఫైనల్లో మొదటి ఇద్దరు రాష్ట్రం పోటీలకి వెళతారు. అక్కడ మంచి చోటు వస్తే హాస్టల్ సీటు నేరుగా ఇచ్చేస్తారు. మాస్టారు వారం నుంచీ అదే చెబుతున్నారు, "ఒక్క రోజు బాగా గడిస్తే సాలు" అని.

పొద్దున పదింటికి హీట్సు, అంటే ఫైనల్‌కి ఎవరు వెళ్ళాలో తేల్చే తొలి పరుగులు. నా కూతురు మొదట వచ్చింది. అలా ఇలా కాదు, వెనక వచ్చిన పిల్ల ఆఖరి అడ్డకర్ర మీద ఉండగానే ఇది గీత దాటేసింది. నేను అరిచిన అరుపుకి గొంతు పోయింది. ఫైనల్ ఒంటిగంటకి. మాస్టారికి అవతల లాంగ్ జంప్ దగ్గర పిల్లలున్నారు. వెళుతూ వెళుతూ నాకు చెప్పారు.

"అమ్మా, మెల్లగా పది నిమిషాలు పరుగెట్టమనండి. తర్వాత కాళ్ళు సాగదీసుకోమనండి. మజ్జలో కూడా లెగిసి తిరగతా ఉండాలి. బరువుగా తినిపించీకండి. వదలొద్దు, ఏటి?"

"అలాగే బాబూ" అన్నాను.

ఆయన అటు తిరగగానే పిల్ల గోడ వెంబడి మెల్లగా పరుగు మొదలెట్టింది. ఒళ్ళంతా చెమట. పలచటి బనీను. ఆ గాలి. నాకు గట్టు మీద పడుకున్న మనిషే కళ్ళ ముందు కనిపించాడు.

"ఒసే, ఇటురా!"

"మాస్టారు సెప్పినారు కదమ్మా."

"మాస్టారికేటి తెలుసే ఈ గాలి? ఇంకా పెద్ద పరుగు ముందున్నాది. ఉన్న బలం ఇక్కడే పారబోస్తావేటి? ముందొచ్చి కూకో."

"అమ్మా, పది నిమిషాలే. కాళ్ళు పట్టేస్తాయి."

"గాలికే పట్టేస్తాయి. వస్తావా రావా? మీ నాన్న మీద ఒట్టు."

ఆ ఒట్టు పెట్టాక అది ఇంకేం చేస్తుంది? వచ్చింది. నేను ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి మెడ దాకా చుట్టాను. పులిహోర తెచ్చాను, వద్దు వద్దంటున్నా రెండు ఆకుల పొట్లాలు తినిపించాను. సీసాలో నూనె తెచ్చాను. టీ కొట్టువాడిని బతిమాలి వెచ్చజేయించి, తొడలు, పిక్కలు నా బలం కొద్దీ రుద్దాను. ఉప్పు పార పట్టిన చేతులు నావి. "మెల్లగానే, నొప్పెడతన్నాది" అంటే, "నొప్పెడితేనే వదులుతాది" అన్నాను. అది జనం కూర్చునే మెట్ల కింద ముడుచుకుని నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని ఎవరూ దాని నిద్ర చెడగొట్టకుండా కాపలా కాశాను. గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. రెండు గంటలకి పైగా అలాగే పడుకోబెట్టాను.

మైకులో పిలిచారు. లేచి నిలబడింది, రెండడుగులు వేసింది. ముసలిదాని నడక. నా వైపు చూసింది. తిట్టలేదు. గబగబా నాలుగు గంతులు వేసి గీత దగ్గరికి వెళ్ళింది.

అయిదు అడ్డకర్రల దాకా ముందే ఉంది. ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను, ముందే ఉంది. ఆరోదానికి కాలు ఎత్తినప్పుడు తొడ వెనక ఎవరో రాయి విసిరినట్టు చెయ్యి అక్కడికి పోయింది. మోకాలు కర్రకి తగిలింది. కర్రా, పిల్లా కలిసి పడ్డారు. లేచింది. కుంటుకుంటూ మిగతా నాలుగూ పక్కనుంచి కాదు, మీదనుంచే, ఒక్కొక్కటీ ఆగి ఎక్కి దిగినట్టు దాటి గీత దాకా వెళ్ళింది. ఎనిమిది మందిలో ఎనిమిదోది.

మాస్టారు పరుగెత్తుకొచ్చారు. దుప్పటి చూశారు, నూనె సీసా చూశారు, పులిహోర ఆకులు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"దుప్పటి కప్పడం తప్పు కాదమ్మా" అన్నారు మెల్లగా, పిల్ల కాలికి ఐసు కడుతూ. "కప్పొచ్చు. కదలనీకుండా ఎట్టడమే తప్పు. కండ సల్లబడిపోనాది, బిగిసిపోనాది. దాని మీద అంత గట్టిగా పిసికినారు. ఎన్నిసార్లు సెప్పినానమ్మా."

నేను తిరగబడ్డాను. ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా. "మీరు దగ్గరుండి సూసుకోవాల! ఒక్కదాన్ని వదిలేసి ఎల్లిపోనారు!" అన్నాను. ఆయన ఐసు గుడ్డకి ముడి వేస్తూనే ఉన్నారు. నా అరుపు నాకే వినపడి నోరు మూసుకున్నాను.

తిరుగు రైల్లో పిల్ల కాలు ఎదురు సీటు మీద చాపుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మా స్టేషన్ ముందు స్టేషన్లో నోరు విప్పింది.

"రేపటి నుంచి నువ్వు గ్రౌండుకి రావొద్దు."

"సీకటి పడతాది కదే, ఒక్కదానివి..."

"మాస్టారు బస్సెక్కిస్తారు. నువ్వు రావొద్దు. నాన్న మీద ఇంకెప్పుడూ ఒట్టెయ్యొద్దు."

నెల రోజులు పరుగు లేదు. ఉత్త నడక. తర్వాత మాస్టారు ఒక కాగితం మీద ఏ కండని ఎలా సాగదీయాలో పుల్లల మనిషి బొమ్మలు గీసి ఇచ్చారట, ఎనిమిది బొమ్మలు. అది తలుపు వెనక అంటించుకుంది. పొద్దున పరుగెత్తి వచ్చాక ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద చాప వేసుకుని ఆ బొమ్మల వరసే చేసేది. వాడ వాడంతా చూసేది. అది పట్టించుకోవడం మానేసింది. నేను లోపల పొయ్యి దగ్గర కూర్చుని మనసులో ముప్పై లెక్కపెట్టేదాన్ని. పైకి లెక్కపెడితే ఊరుకోదు. ఒకరోజు తొడ వెనకది ఇరవై దగ్గరే వదిలేస్తే ఉండబట్టలేక "ఇంకా పదున్నాయే" అని అరిచాను. అది తల తిప్పి చూసి, లేచి చాప చుట్టేసింది. చెయ్యనివ్వనప్పుడు తప్పే, చెయ్యమంటే తప్పే. నేనెక్కడ నిలబడాలో నాకు తెలియలేదు.

రాష్ట్రం పోటీ పోయింది కాబట్టి నేరుగా సీటు లేదు. ఇక మిగిలింది ఎంపికలు. ఎవరైనా వెళ్ళొచ్చు, కానీ మూడు నాలుగు జిల్లాల పిల్లలు వస్తారు, హర్డిల్స్‌కి తీసుకునేది ఇద్దరినే. విజయనగరంలో, మార్చి నెలలో. ఉప్పు ముమ్మరంగా తీసే రోజులు. నేను మడికి నాగా పెట్టి వెళ్ళాను. రావొద్దంది. అదే రైల్లో వేరే పెట్టెలో ఎక్కాను.

గేటు దగ్గర కాపలా ముసలాయన ఆపేశాడు.

"తల్లులకి లోపలికి లేదమ్మా. ఇక్కడే నిలబడాల."

"నా కూతురు పరుగెడతన్నాది బాబూ."

"ఇక్కడున్నోళ్ళందరి కూతుళ్ళూ పరుగెడతన్నారు. నా కూతురొకర్తే ఇంటి కాడ కూకున్నాది."

గేటు ఊచల్లోంచి పరుగు కనిపించదు. మధ్యలో ఏదో షెడ్డు అడ్డం. దాని అవతల పిల్లల తలలు పైకి కిందకి ఎగరడం కనిపించింది, అంతే. పిస్తోలు శబ్దం, అరుపులు, నిశ్శబ్దం. మళ్ళీ పిస్తోలు. ఏది దానిదో తెలియదు. రెండు గంటలు అలా అయ్యాక షెడ్డు పక్క నుంచి నా కూతురు వచ్చింది. కుంటడం లేదు. మొహంలో ఏమీ లేదు. నన్ను చూసింది.

"ఏటే? ఏటయినాది?"

గేటు ముందు నుంచే, గోడ వెంబడి మెల్లగా పరుగు మొదలెట్టింది.

"ఒసే, నిన్నేనే! వచ్చినాదా, రానేదా?"

ఒక చుట్టు. రెండు చుట్లు. ప్రతి చుట్టుకీ నా ముందు నుంచే పోతుంది, మాట్లాడదు. మాస్టారు ఎక్కడో కాగితాల దగ్గర ఉన్నారు. కాపలా ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"మీ గుంటకి సెవుడేటమ్మా?"

"సెవుడు కాదు బాబూ, పొగరు."

పది నిమిషాలు అయ్యాక నడక. నడిచీ నడిచీ నీళ్ళ సీసా తీసి కొంచెం కొంచెంగా తాగింది. గడ్డి మీద కూర్చుంది. పిక్క. ముప్పై. రెండో పిక్క. ముప్పై. నేను ఊచలు పట్టుకుని లెక్కపెడుతున్నాను. సీటు వచ్చి ఉంటే ఇలా నింపాదిగా ఉంటుందా, ఎగరదా? పోయి ఉంటే ఏడవదా? తొడ ముందు. తొడ వెనక. దెబ్బ తగిలిన వైపు ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకుంది. తుంటి దగ్గరవి రెండు. అరటిపండు తీసి ఒలిచి తింది. ఆ తొక్క పట్టుకుని చెత్తబుట్ట ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళింది! నాకు ఆ గేటు ఎక్కి లోపలికి దూకి చెంప పగలగొట్టాలనిపించింది.

అన్నీ అయ్యాక తువ్వాలు భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"రెండో దాన్ని. పేరు రాసుకున్నారు. జూన్లో సేరమన్నారు."

కాపలా ఆయన చేతులు జోడించి పైకి చూశాడు. నేను ఊచల్లోంచి చెయ్యి పెట్టి దాని భుజం మీద ఒక్కటిచ్చాను.

"అరగంట నుంచీ నిలబెట్టినావే! ముందే సెప్పీస్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయేటే?"

"ముందే సెప్తే నువ్వు నన్ను కూకోబెట్టీస్తావు" అంది.